వేసవికి వచ్చే నాన్నలు

వేసవి సెలవులంటే మనవైపు పిల్లలకు ప్రయాణం, పెద్దలకు వియోగం. ఏప్రిల్ నెలాఖరున బడులు మూయగానే పిల్లలు సంచులు సర్దుకొని అమ్మమ్మగారింటికో, నాయనమ్మగారింటికో తరలిపోతారు. మొదటి వారం తల్లిదండ్రులకు ఇల్లు హాయిగానే ఉంటుంది. రెండో వారానికి ఏమీ తోచదు. మూడో వారం నుంచి పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి ఫోను చేసి "అన్నం తిన్నావా? ఎండలో తిరుగుతున్నావా?" అని అడగడం మొదలవుతుంది. ఇక జూన్ మొదటి వారంలో ఏ రైల్వే స్టేషనులో చూసినా ఇదే దృశ్యం. మామిడిపండ్ల బుట్టలు, ఆవకాయ జాడీలు, నల్లబడ్డ ముఖాలతో పిల్లలు, వాళ్లను తీసుకుపోవడానికి వచ్చిన నాన్నలు. ఇది ఇంచుమించు అన్ని ఇళ్లలోనూ జరిగే కథే కనుక దీన్ని గురించి ఎవరూ ప్రత్యేకంగా రాయరు.

అయితే ఈ పంచాంగం తలకిందులుగా నడిచే ఊళ్లు మన ఉత్తరాంధ్రలో ఉన్నాయి. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల సముద్రపు ఒడ్డున చిన్న చిన్న మత్స్యకార గ్రామాలు అవి. అక్కడ పిల్లలు ఎక్కడికీ వెళ్లరు. వెళ్లేది నాన్నలు. వెళ్లేది ఆరు వారాలకు కాదు, తొమ్మిది పది నెలలకు. తిరిగి వచ్చేది వేసవిలో.

ఈ సంగతి నాకు ఒక వ్యాసం వల్ల తెలిసింది. మా కాలేజీలో తెలుగు తరగతికి "వేసవి సెలవులు" అనే విషయం మీద వ్యాసం రాయమన్నాను. నలభై కాగితాలు వచ్చాయి. ముప్ఫై తొమ్మిదింటిలో మామిడితోటలు, తాటిముంజెలు, మేనత్త పిల్లలు, ఊరి చెరువు. ఒక్క కాగితంలో మాత్రం ఒక కుర్రవాడు ఇలా మొదలు పెట్టాడు: "మాకు వేసవి అంటే మా నాన్న. మిగతా నెలలలో ఆయన ఫోనులో ఉంటాడు." ఆ కుర్రవాడిని పిలిచి మాట్లాడాను. వాళ్లది శ్రీకాకుళం జిల్లా ఎచ్చెర్ల మండలంలోని డి.మత్స్యలేశం. తండ్రి గుజరాతు రాష్ట్రంలోని వెరావల్ రేవులో మరపడవ మీద పనిచేస్తాడు. "మా ఊరు చూడాలంటే జూన్ ఒకటో తారీకు దాటాక రండి మేష్టారూ. ముందొస్తే ఆడవాళ్లూ, ముసలివాళ్లూ, పిల్లలూ తప్ప ఎవరూ కనపడరు" అన్నాడు.

మా పిల్లలిద్దరూ కూడా సెలవులకు ఆమదాలవలస దగ్గర మా అత్తవారి ఊళ్లో ఉన్నారు. వాళ్లను తీసుకురావడం, ఆ ఊరు చూడడం రెండూ కలిసివస్తాయని 2025 జూన్ మొదటి వారంలో బయలుదేరాను.

విజయనగరం స్టేషనులో నిలబడితే ఈ కథకు సగం భూగోళం కళ్లముందే కనిపిస్తుంది. విశాఖపట్నం వైపు పోయే దారి ఒకటి, పార్వతీపురం, రాయగడ మీదుగా రాయపూర్ వైపు పోయే దారి ఒకటి అక్కడే చీలుతాయి. పూరీ నుంచి అహ్మదాబాదు వెళ్లే బండ్లు ఈ రెండో దారినే పట్టి దేశానికి అడ్డంగా తూర్పు సముద్రం నుంచి పడమటి సముద్రం దాకా పోతాయి. నేను ప్లాట్‌ఫారం మీద నిలుచున్న అరగంటలో అటునుంచి ఒక బండి వచ్చింది. జనరల్ పెట్టెలోంచి గుంపుగా దిగిన మగవాళ్ల చేతుల్లో గోనె మూటలు, ప్లాస్టిక్ బకెట్లు, కొత్త స్కూలు సంచులు. స్కూలు సంచులు మోసుకొచ్చే నడివయసు మగవాళ్లను గుంపుగా చూడడం అదే మొదటిసారి. ఒకరిద్దరు నాతోపాటే ఆమదాలవలస బండి ఎక్కారు.

నెల్లిమర్ల, చీపురుపల్లి, పొందూరు దాటాక ఆమదాలవలస వస్తుంది. స్టేషను పేరు శ్రీకాకుళం రోడ్డు. జిల్లా ముఖ్యపట్టణం అక్కడికి పన్నెండు, పదమూడు కిలోమీటర్లు. రైలు దిగి శ్రీకాకుళం వచ్చాననుకొనే కొత్తవాళ్లకు ఆటోవాళ్లు ఈ తేడా చెబుతారు.

తెలుగు పాఠం చెప్పుకొనేవాణ్ణి కనుక ఊళ్ల పేర్లు చూస్తే ఊరుకోలేను. ఉత్తరాంధ్రలో "వలస"తో ముగిసే పేర్లు కొల్లలు. ఆమదాలవలస, తిప్పలవలస, ఇంకా ఎన్నో. ఎక్కడినుంచో కదిలివచ్చిన నాలుగు కుటుంబాలు ఒకచోట నిలిచి, పొలం చేసుకొనో, వల వేసుకొనో బ్రతికితే ఆ చోటికి వలస అనే పేరు స్థిరపడింది. అంటే ఇక్కడ వలస అనే మాటకు ఒకనాడు "వచ్చి నిలిచిన చోటు" అనే అర్థం ఉండేది. ఇప్పుడు అదే మాట పత్రికలలో "విడిచిపోవడం" అనే అర్థంలోనే కనిపిస్తుంది. మాట మారలేదు. మనుషులు నడిచే దిక్కు మారింది.

అత్తవారింట్లో మా పిల్లలు నన్ను చూసి పరుగెత్తుకొని వచ్చారు. ఆరు వారాలలో అమ్మాయి గౌను పొట్టిదైంది. అబ్బాయికి ముందు పన్ను ఊడింది. పన్ను ఊడిన రోజు కథ వాడు చెప్పడం మొదలుపెట్టి, సగంలో ఆపి, "ఇదంతా నీకు తెలీదు కదా!" అని నావైపు జాలిగా చూశాడు. ఆరు వారాలకే తండ్రికి తెలియని కథలు ఇన్ని పోగుపడితే, పది నెలలకు ఎన్ని పోగుపడతాయి అని నాకు అప్పుడు తోచింది. మర్నాడు పిల్లలను కూడా వెంటబెట్టుకొని బయలుదేరాను.

శ్రీకాకుళంలో నాగావళి వంతెన దాటి, అరసవల్లిలో సూర్యనారాయణస్వామి దర్శనం చేసుకొని, జాతీయరహదారి మీదుగా ఎచ్చెర్ల వైపు వచ్చాము. రహదారి వదిలి సముద్రం వైపు తిరిగిన తరువాత జీడితోటలు, సరుగుడుతోటలు, ఇసుకదిబ్బలు. గాలిలో ఎండుచేపల వాసన మొదలైతే ఊరు దగ్గరైనట్టు.

ఈ మత్స్యలేశం అనే పేరు చూడండి. దీని అసలు వ్యుత్పత్తి ఎలా ఉన్నా, మా నిఘంటువుల ప్రకారం లేశం అంటే రవ్వంత. మత్స్యలేశం అంటే "చేప రవ్వంత" అని అర్థం చెప్పవచ్చు. ఈ మాట మా విద్యార్థి తండ్రితో అంటే ఆయన పెద్దగా నవ్వి, "పేరెట్టినోడెవడో గాని ముందే సూసి ఎట్టినాడు మేస్టారూ!" అన్నాడు.

ఊరు ఊరంతా అరుగుల మీదే ఉంది. ఒకచోట వల బాగుచేస్తున్నారు. ఒకచోట పెళ్లిపందిరి వేస్తున్నారు. మగవాళ్లుండేది ఈ రెండు నెలలే కాబట్టి పెళ్లిళ్లు, గృహప్రవేశాలు, గంగమ్మ మొక్కులు, ఇంటి తగువులు అన్నీ ఇప్పుడే తీరాలి. మిగతా వాళ్లు సంవత్సరమంతా పరచుకొనే పనులను వీళ్లు వేసవిలోకి కుక్కుకుంటారు. దసరాకు విజయనగరంలో పైడితల్లి సిరిమాను తిరిగినప్పుడు వీళ్లుండరు. దీపావళికి ఉండరు. నాగులచవితికి పుట్టలో పాలు పోయడానికి పిల్లలను తీసుకుపోయేది తల్లులే. సంక్రాంతికైనా వచ్చేవాళ్లు తక్కువ. ఈ వేసవిలో పెళ్లయిన కుర్రవాడు తొలిబిడ్డను చూసేది చాలాసార్లు మరుసటి వేసవికే.

ఒక ఇంటి ముందు నేను చూసిన సంగతి చెప్పాలి. మూడేళ్ల పిల్ల నాయనమ్మ కొంగు పట్టుకొని నిలుచుంది. నాలుగు అడుగుల దూరంలో, ముందురోజు రాత్రి వచ్చిన తండ్రి గొంతుక్కూర్చొని ఉన్నాడు. చేతిలో ఒక బొమ్మ. ఆయన పిలవడం లేదు, ఊరికే కూర్చున్నాడు. "ఎల్లవే గుంటా, మీ నానే" అని నాయనమ్మ ముందుకు తోస్తుంటే ఆ పిల్ల తల అడ్డంగా ఊపి, "మా నాన ఫోన్లో ఉంతాడు" అంది. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. తండ్రి కూడా నవ్వాడు. తరువాత లేచి ఇంటి వెనక్కి వెళ్లి నాయనమ్మ ఫోనుకు ఫోను చేశాడు. తెర మీద ముఖం కనపడగానే పిల్ల ఫోను లాక్కొని, రోజూ చెప్పే కబుర్లు మొదలుపెట్టింది. ఆయన మాట్లాడుతూనే గోడ చుట్టూ నడిచి వచ్చి ఎదురుగా నిలబడ్డాడు. పిల్ల తెర మీదికి చూసింది, ఎదుటికి చూసింది, మళ్లీ తెర మీదికి చూసింది. ఫోను నాయనమ్మకిచ్చేసి ఆయన మెడ పట్టుకోవడానికి ఇంకో రెండు నిమిషాలు పట్టింది.

మా అబ్బాయి ఈడు కుర్రవాడొకడు వీడికి గవ్వలు ఏరిపెట్టాడు. "మా నాన్న నన్ను ఆరు వారాలు వదిలేశాడు" అని మావాడు ఫిర్యాదు చేస్తుంటే విన్నాను. ఆ కుర్రవాడు "ఆరు వారాలేనా!" అన్నాడు. ఆ గొంతులో అసూయ లేదు, ఆశ్చర్యమే.

ఇంత దూరం పోవడం ఎందుకు, ఎదురుగా సముద్రం ఉండగా? పట్నవాసులు ఎవరైనా మొదట అడిగే ప్రశ్న ఇదే. నేనూ అడిగాను. మా విద్యార్థి తండ్రికి ఇంచుమించు నా వయసే ఉంటుంది. ఆయన ఇసుక మీద పుల్లతో ఒక గీత గీసి చెప్పాడు. "సముద్రం ఉంది మేస్టారూ. సేప దూరం పోయింది. దూరం ఎల్లాలంటే పెద్ద పడవుండాల. పెద్ద పడవ కట్టుకోడానికి మాకు తావేదీ?"

ఈ నాలుగు మాటలలో అంతా ఉంది. శ్రీకాకుళం జిల్లాకు 193 కిలోమీటర్ల సముద్రతీరం ఉందని లెక్క. మన రాష్ట్రంలో ఇంత పొడవైన తీరం ఉన్న జిల్లాగా దీన్ని చెబుతారు. కాని పెద్ద మరపడవలు నిలుపుకొనే రేవు లేదు. తెప్పలు, చిన్న పడవలను అలల మీదుగా తోసుకుపోయి, తిరిగి వచ్చాక భుజాలతో ఒడ్డుకు లాక్కోవాలి. ఒకప్పుడు కళింగపట్నం ఓడలు వచ్చే రేవే. ఇప్పుడు అక్కడ మిగిలింది లైటుహౌసు, వంశధార సముద్రంలో కలిసే అందం. విశాఖపట్నం హార్బరులో పనులు ఉన్నా అవి అందరికీ చాలవు. పైడిభీమవరం పరిసరాల పరిశ్రమల నీరు సముద్రంలో కలవడం వల్ల ఒడ్డు దగ్గరి చేప తగ్గిపోయిందని కూడా ఇక్కడి మత్స్యకారులు ఏళ్ల తరబడి మొరపెట్టుకుంటున్నారు.

వెరావల్ సంగతి వేరు. సౌరాష్ట్ర తీరంలో, సోమనాథ క్షేత్రానికి కూతవేటు దూరంలో ఉన్న ఆ రేవు దేశంలోని పెద్ద చేపల రేవుల్లో ఒకటి. వేల మరపడవలు. పడవకు ఏడెనిమిది మంది. వాళ్ల మీద పెద్ద తండేలు, మిగతావాళ్లు కలాసీలు. ఒకసారి సముద్రంలోకి వెళ్తే పదిహేను, ఇరవై రోజులు నీళ్ల మీదే. ఆ రోజుల్లో ఫోను కూడా పలకదు. ఒడ్డుకు వచ్చి, సరుకు దింపి, మంచు, నూనె నింపుకొనే రెండు మూడు రోజులే ఇంటితో మాటలు. వెళ్లబోయే ముందు ఇంటి ఖర్చుకని అడ్వాన్సు తీసుకుంటారు. దాంతో పాత అప్పు తీరుతుంది, పిల్లల ఫీజు కట్టబడుతుంది. అడ్వాన్సు ముట్టాక ఇక వెళ్లక తప్పదు.

మరి వేసవిలో ఎందుకు వస్తారు? ఇక్కడే చిత్రమైన సంగతి ఉంది. చేపలు గుడ్లు పెట్టి పిల్లలు చేసే కాలంలో వాటిని పట్టకూడదని ప్రభుత్వం వేటకు సెలవు ప్రకటిస్తుంది. పూర్వం ఈ నిషేధం 47 రోజులు. 2015 నుంచి 61 రోజులు. మన తూర్పుతీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు. పడమటి తీరంలో జూన్ 1 నుంచి జూలై 31 వరకు. గుజరాతులో ఒక్కొక్క ఏడు ఆగస్టు మధ్య దాకా సాగుతుంది. వేట తగ్గిన పడవల వాళ్లు మేలోనే వచ్చేస్తారు. చివరిదాకా ఉన్నవాళ్లు జూన్ మొదటి రోజుల్లో వస్తారు. అంటే చేపలకు పిల్లలు పుట్టడానికి ఇచ్చిన సెలవులోనే ఈ మనుషులకు తమ పిల్లలను చూసుకొనే అవకాశం దొరుకుతోందన్నమాట. చట్టం చేసినవాళ్లకు ఈ రెండో ప్రయోజనం తోచి ఉండదు.

ఇంకొక లెక్క చూడండి. బడులకు వేసవి సెలవులు ఈ మధ్య ఏళ్లలో ఏప్రిల్ 24 నుంచి జూన్ 11 దాకా ఇస్తున్నారు. పడమటి వేట జూన్ 1న ఆగుతుంది. చివరిదాకా పనిచేసి వచ్చే తండ్రికి, బడికి పోయే బిడ్డకు ఇద్దరికీ కలిసి వచ్చే సెలవు జూన్ 1 నుంచి 11 వరకు, పదకొండు రోజులు. అందులో రెండు రోజులకు పైగా రైల్లోనే పోతుంది.

పోనీ, సెలవులు లెక్కపెట్టకుండా రెండు నెలలూ కలిసి ఉన్నట్టే అనుకుందాం. ఏడాదికి రెండు నెలల చొప్పున, బిడ్డకు పద్దెనిమిదేళ్లు వచ్చేనాటికి తండ్రి దగ్గరున్న కాలం ముప్ఫై ఆరు నెలలు. అంటే మూడేళ్లు. ఈ లెక్క నేను వేసి చెప్పలేదు. మా విద్యార్థి తన వ్యాసంలో వేశాడు.

ఆ వ్యాసం నా సంచిలోనే ఉంది. తండ్రికిచ్చాను. ఆయన కాగితం అటూ ఇటూ తిప్పి, "నాను సదవలేను మేస్టారూ. నువ్వు సదువురా" అని కొడుక్కి ఇచ్చాడు. కొడుకు సిగ్గుపడి పడవ చాటుకు పోయాడు. చివరకు మా అమ్మాయి చదివింది. వెరావల్ రైలు, ఫోనులో గొంతు, తుపాను హెచ్చరిక వచ్చిన రాత్రి తల్లి నిద్రపోకపోవడం, పదో తరగతిలో మంచి మార్కులు వచ్చిననాడు తండ్రి సముద్రం మీద ఉండటం వల్ల పన్నెండు రోజుల తరువాత ఆ కబురు చెప్పడం. చివరికి మూడేళ్ల లెక్క. మా అమ్మాయి ఆపగానే ఆయన "ఆ మార్కుల కాయితం ఇంట్లో ఉందా?" అని భార్యను అడిగాడు. ఆమె లోపలికి వెళ్లి ట్రంకుపెట్టెలోంచి తెచ్చింది. ఆయన దాన్ని చదవలేకపోయినా చాలాసేపు చూశాడు.

ఈ జిల్లాలోనే టెక్కలి మండలంలో తేలినీలాపురం ఉంది. ఏటా శీతాకాలానికి ముందు పెలికాన్లు, కొంగలు వచ్చి ఊళ్లోని చెట్ల మీద గూళ్లు కట్టి పిల్లలను చేసి, ఎండలు ముదిరేసరికి వెళ్లిపోతాయి. వాటిని చూడడానికి జనం వస్తారు. చూసేందుకు ఎత్తైన మంచె, ఒక ప్రదర్శనశాల ఏర్పాటు చేశారు. ఆ పక్షులు వచ్చే రోజులలోనే ఈ తీరం మగవాళ్లు వెళ్లిపోతారు. అవి వెళ్లాక వీళ్లు వస్తారు. ఒక్కటే తేడా. పక్షులు పిల్లలకు రెక్కలు వచ్చేదాకా ఉండి, వెంటబెట్టుకొని మరీ పోతాయి.

తిరుగు ప్రయాణంలో రహదారి మీదనే పూసపాటిరేగ దాకా వచ్చి, అక్కడినుంచి సముద్రం వైపు తిప్పలవలస చూసి విజయనగరం చేరుకున్నాము. తిప్ప అంటే ఇసుకదిబ్బ. దిబ్బల దగ్గరి వలస కాబట్టి తిప్పలవలస అయి ఉంటుంది. తిప్పలు అనే మాటకు ఉన్న రెండో అర్థం ఊరివాళ్లకు ఎవరూ నేర్పనక్కరలేదు.

తిప్పలవలస, మత్స్యలేశం వంటి ఊళ్ల పేర్లు దేశమంతా విన్న కాలం ఒకటి ఉంది. 2018 నవంబరు నెలాఖరున వెరావల్ నుంచి వేటకు వెళ్లిన పడవలు కొన్ని సరిహద్దు దాటాయని పాకిస్తాను సముద్రరక్షణ దళం పట్టుకుంది. నీళ్ల మీద గోడ ఉండదు, గీత ఉండదు. రెండు దేశాల మధ్య సర్ క్రీక్ దగ్గర సరిహద్దు తగవు ఇప్పటికీ తెగలేదు. పట్టుబడినవాళ్లలో శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల మత్స్యకారులు ఇరవై మందికి పైగా ఉన్నారు. వాళ్లను కరాచీ జైలులో పెట్టారు.

రెండు దేశాలూ 2008లో చేసుకున్న ఒప్పందం ప్రకారం ఏటా జనవరి 1న, జూలై 1న తమ జైళ్లలో ఉన్న ఎదుటి దేశపువాళ్ల జాబితాలు ఇచ్చిపుచ్చుకుంటాయి. మనకు జనవరి ఒకటి కొత్త సంవత్సరం. జైలులో మనిషి ఉన్న ఇంటికి అది జాబితా రోజు.

2019 వేసవి వచ్చింది. రైళ్లు వచ్చాయి. ఊళ్లో తోటి పిల్లల నాన్నలు దిగారు. ఆ ఇళ్లకు మాత్రం ఎవరూ రాలేదు. ఏడాదికి ఒకే ఒక్క రుతువు తండ్రితో గడిపే బిడ్డకు ఆ ఒక్కటీ పోవడమంటే ఏమిటో పైన చెప్పిన లెక్క వల్ల పాఠకులే ఊహించుకోవచ్చు. భార్యలు, తల్లులు నాయకుల చుట్టూ, కార్యాలయాల చుట్టూ తిరిగారు. చివరకు 2020 జనవరి 6న ఇరవై మంది వాఘా సరిహద్దు దాటి మన నేల మీద అడుగు పెట్టారు. మిగిలినవాళ్లు తరువాత వచ్చారు. 2018 వేసవి చివర ఇల్లు విడిచినవాళ్లను పిల్లలు చూసింది సుమారు పదిహేడు నెలలకు. ఆ ఏడు సంక్రాంతికి, మిగతా మగవాళ్లెవరూ ఊళ్లో లేనప్పుడు, ఆ ఇళ్లలో మాత్రం నాన్నలు ఉన్నారు.

ఈ ఉదంతం ఆధారంగా వచ్చిన "తండేల్" సినిమా 2025 ఫిబ్రవరిలో విడుదలై బాగా ఆడింది. అందులో ప్రేయసి ఎదురుచూపు కథకు ప్రాణం. సినిమాకు అది న్యాయమే. పిల్లల ఎదురుచూపుకు పాటలు, డ్యూయెట్లు ఉండవు కనుక అది ఊళ్లోనే ఉండిపోయింది.

ఆ జనవరి దాటిన రెండు నెలలకే కరోనా లాక్‌డౌను వచ్చింది. వెరావల్‌లో మన మత్స్యకారులు వేల సంఖ్యలో చిక్కుకుపోయారు. వేట లేదు, రైళ్లు లేవు. రేవులో పడవల్లోనే నివాసం. 2020 ఏప్రిల్ నెలాఖరున రెండు రాష్ట్ర ప్రభుత్వాలూ మాట్లాడుకొని బస్సులు ఏర్పాటు చేస్తే, ఆ ఎండల్లో దేశం అడ్డంగా ప్రయాణం చేసి వచ్చారు. వచ్చినవాళ్లను తిన్నగా ఇళ్లకు పంపలేదు. క్వారంటైను కేంద్రాలలో ఉంచారు. సొంత జిల్లాకు చేరుకొని కూడా బిడ్డను ఎత్తుకోవడానికి మరికొన్ని రోజులు ఆగవలసి వచ్చింది.

దీనికి మందు ఏమిటంటే ఈ ఊళ్లలో చిన్నపిల్లవాడు కూడా ఒక్కటే చెబుతాడు: హార్బరు. డి.మత్స్యలేశం ఉన్న ఎచ్చెర్ల మండలంలోనే బుడగట్లపాలెం వద్ద ఫిషింగ్ హార్బరు నిర్మాణం తలపెట్టారు. 2025 ఏప్రిల్ 26న ముఖ్యమంత్రి అదే బుడగట్లపాలెం వచ్చి, వేట నిషేధ కాలానికి ఇచ్చే సాయాన్ని 20,000 రూపాయలుగా అందించే పథకం ప్రారంభించారు. ఈ సాయం ఇక్కడి సముద్రంలో వేటచేసే కుటుంబాలకు ఉద్దేశించినది. వెరావల్ వెళ్లేవాళ్లు కోరేది ఇక్కడి సముద్రంలో వేటచేసుకొనే వీలు. "ఇక్కడ పడవ కట్టుకోడానికి తావిచ్చినారనుకోండి, గుజరాతు నన్ను రమ్మని బతిమాలినా ఎల్లను" అన్నాడు మా విద్యార్థి తండ్రి. రేవు అంటే మనకు సిమెంటు, రాళ్లు, క్రేనులు. ఆయన లెక్కలో అది కొడుకు మార్కుల కబురు ఏరోజుకారోజు వినడం.

శ్రీకాకుళం చూడవచ్చేవారు అరసవల్లి, శ్రీకూర్మం చూస్తారు. శాలిహుండం కొండ ఎక్కి బౌద్ధస్తూపాల శిథిలాలు చూస్తారు. కళింగపట్నం లైటుహౌసు దగ్గర ఫోటో తీసుకుంటారు. అవన్నీ తప్పక చూడవలసినవే. వీలుంటే జూన్‌లో రండి. బడులు తెరిచే రోజు ఏదైనా ఒక మత్స్యకార గ్రామానికి వెళ్లి పొద్దున తొమ్మిది గంటలకు బడి దగ్గర నిలబడండి. పిల్లలను దిగబెట్టడానికి వచ్చిన మగవాళ్లు కనిపిస్తారు. చేతిలో పుస్తకాల సంచి ఎలా పట్టుకోవాలో తెలియక భుజాన వల వేసుకున్నట్టు వేసుకుంటారు. ఏ గది ఏ తరగతో పిల్లలను అడిగి తెలుసుకుంటారు. గంట కొట్టాక కూడా చాలామంది వెళ్లరు. ప్రహరీగోడ పట్టుకొని లోపలికి చూస్తూ నిలబడతారు. అదే ఊరికి జనవరిలో వెళ్లి చూడండి. బడి అదే, గోడ అదే, పిల్లలూ వాళ్లే. గోడ దగ్గర మాత్రం ఎవరూ ఉండరు.